కాబోయే నాన్నా, నువ్వూ చెయ్యి చాపు

రండర్రా, చాప జరుపుకుని కూర్చోండి. చిన్నపిల్లల్ని కాసేపు పెరట్లో ఆడుకోనివ్వండి. ఇవాళ్టి కబురు పెళ్ళైనవాళ్ళకీ, పెళ్ళి కాబోతున్నవాళ్ళకీ. మొన్న మన చిన్న మనవడి భార్య నెల తప్పిందని ఆసుపత్రికి వెళ్ళొచ్చింది కదా, అక్కడిచ్చిన కార్డు తెచ్చి నాకు చూపించింది. ఒంట్లో రక్తం ఎంతుందో, గ్రూపు ఏమిటో, చక్కెర ఎంతో, సిఫిలిస్ ఉందా, హెచ్‌ఐవీ ఉందా, అన్నీ వరసగా రాసి ఉన్నాయి. చాలా సంతోషమేసింది. పక్కనే ఉన్న మనవణ్ణి అడిగాను: "మరి నీ రక్తం ఎప్పుడు తీశారురా?" అని. "నాకెందుకు తాతయ్యా, కడుపుతో ఉన్నది తను కదా!" అన్నాడు. వాడి తప్పేం లేదు, వాడికెవరూ చెప్పలేదు. అందుకే ఇవాళ మిమ్మల్నందర్నీ పిలిచాను.

ముందు కడుపులో జరిగే విడ్డూరం ఒకటి చెప్తాను. తల్లి రక్తమే నేరుగా బిడ్డలోకి పారుతుందని మనలో చాలామంది అనుకుంటారు. నిజానికి తల్లి రక్తం తల్లిదే, బిడ్డ రక్తం బిడ్డదే. మాయలో రెండూ పక్కపక్కనే పారుతుంటాయి, మధ్యన పల్చటి పొర ఉంటుంది. ఆ పొరలోంచి ప్రాణవాయువూ తిండీ బిడ్డవైపు దాటతాయి, బిడ్డకి అక్కర్లేనివి తల్లివైపు దాటతాయి. రక్తం మాత్రం మామూలుగా కలవదు. అందుకే తల్లిది ఓ పాజిటివ్, బిడ్డది బీ పాజిటివ్ అయినా తొమ్మిది నెలలూ హాయిగా గడిచిపోతాయి. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఆశ్చర్యం తీరదు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, హెచ్‌ఐవీ ఉన్న తల్లి కడుపున పుట్టిన బిడ్డకి ఆ వైరస్ తప్పకుండా వస్తుందని ఊళ్ళో అనుకుంటారు చూశారూ, అది నిజం కాదు. ఏ మందూ ఏ జాగ్రత్తా లేకపోతే నూరుమంది బిడ్డల్లో 15 నుంచి 45 మందికి సోకుతుంది. అంటే ఏమీ చేయని రోజుల్లో కూడా సగానికి పైగా బిడ్డలు తప్పించుకునేవారు. సోకినవాళ్ళలో కొందరికి కడుపులో ఉండగా, చాలామందికి నొప్పుల వేళ రక్తమూ స్రావాలూ తగిలి, మరికొందరికి చనుబాల వల్ల సోకేది. తల్లి వేళకి మందులు వేసుకుని, పుట్టిన బిడ్డకి కూడా మందు పోస్తే ఆ లెక్క నూటికి 5 లోపుకి దిగిపోతుంది. ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి, మిగతా కబురంతా దీనిమీదే నడుస్తుంది.

ఇంత మంచి మాట ఒక్కరోజులో రాలేదు. మన దేశంలో హెచ్‌ఐవీ ఉందని మొదట బయటపడింది 1986లో, చెన్నైలో. డాక్టర్ సునీతి సోలమన్ దగ్గర చదువుకుంటున్న నిర్మల అనే అమ్మాయి, సెక్స్ వర్కర్ల దగ్గరికి వెళ్ళి, నచ్చజెప్పి రక్తం సేకరించింది. ఆ నమూనాల్ని ఐసు పెట్టెలో పెట్టుకుని రైల్లో వేలూరు తీసుకెళ్ళి పరీక్ష చేయించింది. ఆ పరీక్షలు అప్పుడు చెన్నైలో జరిగేవి కావు మరి. 1994లో అమెరికా, ఫ్రాన్సుల్లో గర్భిణులకి ఏజడ్‌టీ అనే మందు ఇచ్చి చూస్తే, బిడ్డకి సోకడం నూటికి 25 నుంచి 8కి తగ్గింది. 1999లో ఉగాండాలో ఇంకో తేలిక దారి దొరికింది. నొప్పులు మొదలవగానే తల్లికి నెవిరపిన్ మాత్ర ఒకటి, పుట్టిన మూడు రోజుల్లోపు బిడ్డ నోట్లో కాస్త మందు, అంతే. బీద దేశాలకి ప్రాణం లేచొచ్చింది. 2002లో మన దేశం ఆ పని ఎత్తుకుంది. ఆ రోజుల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హెచ్‌ఐవీ బాగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. కాన్పు ఆసుపత్రుల్లో కౌన్సిలర్ గదులు వెలిసింది అప్పుడే. 2014 నుంచి దేశమంతటా, పరీక్షలో హెచ్‌ఐవీ తేలిన గర్భిణికి ఆ రోజు నుంచి జీవితాంతం, వైరస్‌ని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తున్నారు.

ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. కానీ ఆ ఏర్పాటులో మొగుడెక్కడ? బల్ల మీద కూర్చున్నది ఆవిడ, సూది గుచ్చించుకున్నది ఆవిడ, కాగితం అందుకున్నది ఆవిడ. ఆయన బయట చెట్టు కింద బండి మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు, లేకపోతే అసలు రానేలేదు.

దీనివల్ల ఏం జరిగిందో నేను కళ్ళారా చూశాను. ఊరూ పేరూ చెప్పను. రెండో కాన్పుకి పరీక్ష చేస్తే ఒక పిల్లకి హెచ్‌ఐవీ ఉందని తేలింది. ఇంట్లో అందరికంటే ముందు ఆ పిల్లకే పరీక్ష జరిగింది కాబట్టి, జబ్బు ఆ పిల్లే తెచ్చిందని అత్తవారు తీర్మానించేశారు. పళ్ళెం, గ్లాసు, దుప్పటి వేరు పెట్టారు. పెద్దపిల్లని ఉంచేసుకుని ఈ పిల్లని నిండు కడుపుతో పుట్టింటికి పంపేశారు. ఆ పిల్ల మొగుడు లారీ మీద తిరిగేవాడు. అతన్ని పరీక్ష చేయించుకోమని ఎవరూ అడగలేదు. రెండేళ్ళకి దగ్గూ, జ్వరంతో మంచాన పడ్డాక గానీ తెలియలేదు, అతని ఒంట్లో అది ఎంతో కాలంగా ఉందని. ముందు ఎవరికి పరీక్ష జరిగిందో వాళ్ళకే ముందు జబ్బు వచ్చిందనుకోవడం ఎంత అన్యాయమో చూడండి. రక్తం ఉందా లేదా అనే చెప్తుంది. ఎవరినుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది అని చెప్పదు. ఇద్దరూ ఒకే రోజు, ఒకే గదిలో, పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఫలితం విని ఉంటే ఆ పిల్ల బతుకు వేరేగా ఉండేదని ఇప్పటికీ నా గుండెలో కలుక్కుమంటుంది.

ఇంకో అపోహ ఉంది. "ఆవిడకి లేదన్నారుగా, అయితే నాకూ లేనట్టే" అంటాడు మొగుడు. ఎంత తేలిగ్గా అనేస్తారో! ఒకే మంచం, ఒకే కంచం అయినా ఇద్దరిలో ఒకరికి హెచ్‌ఐవీ ఉండి రెండోవారికి లేకపోవడం ఎన్నో జంటల్లో ఉంది, ఏళ్ళ తరబడి కూడా ఉంటుంది. ఎందుకంటే ఈ వైరస్ మనం భయపడినంత సులువుగా దాటదు. మందులు వాడని మగవాడి నుంచి భార్యకి ఒక్క కలయికలో సోకే అవకాశం సగటున వెయ్యింట ఒకటి అని లెక్కగట్టారు. సగటు మాట నమ్ముకుని ధీమాగా ఉండకూడదు మరి, ఆ ఒకటి మొదటిసారే కావచ్చు. అయినా ఇందులో మంచి కబురు ఏమిటంటే, ఒకరికి ఉండి ఒకరికి లేదని తెలిసిన రోజున, లేనివారిని కాపాడుకోవడానికి బోలెడంత అవకాశం ఉంటుంది. తెలియకపోతేనే చిక్కు.

ఈ చిక్కు కడుపుతో ఉన్నప్పుడు మరీ ముడిపడుతుంది. ఆఫ్రికాలో ఒకరికి హెచ్‌ఐవీ ఉండి ఒకరికి లేని జంటల్ని వేలమందిని గమనించి 2018లో ఒక లెక్క తేల్చారు. మామూలు రోజులతో పోలిస్తే, నెలలు నిండుతున్నప్పుడు ఆడమనిషికి ఒక్కో కలయికలో హెచ్‌ఐవీ సోకే అవకాశం దాదాపు మూడింతలు, కాన్పయ్యాక మొదటి ఆరునెలల్లో దాదాపు నాలుగింతలు. ఒంట్లో ఆ సమయంలో వచ్చే మార్పులు ఇందుకు కారణమని అనుకుంటున్నారు. ఇప్పుడు మూడో నెలలో పరీక్ష చేయించుకుని "లేదు" అని కాగితం తెచ్చుకున్న పిల్లని తలుచుకోండి. మొగుడికి ఉంది, అతనికే తెలియదు. ఏడో నెలలోనో, బాలింతగా ఉన్నప్పుడో ఆ పిల్లకి సోకింది. కొత్తగా సోకిన తొలివారాల్లో వైరస్ రక్తంలో విపరీతంగా పెరుగుతుంది. దాన్ని అదుపుచేసే మందు ఒంట్లో లేదు. చేతిలో ఉన్న కాగితం లేదంటోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. బిడ్డకి పాలిస్తూనే ఉంటుంది. బిడ్డకి సోకే ప్రమాదం అన్నిటికంటే ఎక్కువగా ఉండేది ఇలాంటి చోటే.

దానికితోడు పరీక్షకి కూడా ఒక హద్దుంది. పరీక్ష వెతికేది ఎక్కువగా వైరస్ మీద మన ఒళ్ళు తయారుచేసుకునే యాంటీబాడీల్ని. అవి తయారవడానికి కొన్ని వారాలు పడుతుంది, ఒక్కోసారి మూడు నెలలు. నారుమడిలో విత్తనం చల్లిన మర్నాడు వెళ్ళి చూస్తే పచ్చగా ఏమీ కనపడదు, అంతమాత్రాన మడి ఖాళీ అని ఏ రైతూ అనడు కదా. నాలుగు రోజులాగి మళ్ళీ చూస్తాడు. అలాగే అనుమానం ఉన్నవాళ్ళని కౌన్సిలరమ్మ మళ్ళీ రమ్మంటుంది. మళ్ళీ రమ్మన్నదని భయపడక్కర్లేదు, విసుక్కోనూ అక్కర్లేదు.

మన తెలుగువాళ్ళ ఆచారం ఒకటి ఇక్కడ అడ్డం తగులుతుంది. తొలి కాన్పు పుట్టింట్లో. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి, గాజులు తొడిగి, పిల్లని పుట్టింటికి పంపుతాం. బిడ్డకి మూడో నెలో అయిదో నెలో వచ్చాక సారెతో అత్తారింటికి తెస్తాం. ముచ్చటైన ఆచారమే, తల్లి చేతి కారప్పొడీ, వేన్నీళ్ళ స్నానాలూ ఎవరు వద్దంటారు? కానీ ఆ అయిదారు నెలలూ మొగుడు లెక్కలోంచి మాయమైపోతాడు. కార్డు ఒక జిల్లాలో, ఆయన ఒక జిల్లాలో. పనికోసం హైదరాబాదో, బెంగళూరో, గల్ఫో వెళ్ళినవాడైతే ఇంక చెప్పేదేముంది! అందుకే నేను చెప్పేదేమిటంటే, మొగుడి పరీక్ష నెల తప్పిన తొలిరోజుల్లోనే, ఆవిడ మొదటిసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడే అయిపోవాలి. సీమంతం దాకా ఆగితే చెయ్యి జారిపోతుంది. బిడ్డ పాలు తాగుతున్న రోజుల్లో దూరం నుంచి తిరిగి వచ్చినవాడైతే, మళ్ళీ ఒకసారి చేయించుకోవాలి.

మగవాళ్ళు ఆసుపత్రికి రారండీ అని అందరూ అంటారు. వస్తారు, పిలిచే తీరులో పిలిస్తే! రువాండా రాజధాని కిగాలీలో 1980ల చివర్లోనే, కాన్పు ఆసుపత్రికీ పిల్లల ఆసుపత్రికీ వచ్చిన తల్లులతో మొదలుపెట్టి వాళ్ళ భర్తల్ని కూడా పిలిచారు డాక్టర్ సూసన్ ఆలెన్ బృందం వాళ్ళు. ఒకరికి ఉండి ఒకరికి లేని జంటలకి ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పి చూశారు. అంతకుముందు నూటికి నాలుగు జంటలే నిరోధ్ వాడేవి. ఏడాది తిరిగేసరికి 57 జంటలు వాడుతున్నాయి. అక్కడ మందే అందని రోజులవి! ఉత్త మాట, ఇద్దరి ముందూ చెప్పిన మాట, అంత పని చేసింది.

మలావీలోని లిలాంగ్వేలో ఇంకో సంగతి చూశారు. గర్భిణి చేతికి "మీ ఆయన్ని తీసుకురా" అని చీటీ ఇచ్చి పంపితే నూటికి 52 మంది భర్తలు వచ్చారు. చీటీ ఇవ్వడంతో ఆగక, రానివాళ్ళకి ఫోన్ చేసి, ఇంటికెళ్ళి పిలిస్తే 74 మంది వచ్చారు. కెన్యాలోని కిసుము ప్రాంతంలో అయితే నాకు మరీ నచ్చిన ఉపాయం చేశారు. గర్భిణులకీ బాలింతలకీ ఇంట్లోనే చేసుకునే పరీక్ష కిట్లు ఇచ్చి పంపారు. సూది లేదు, రక్తం లేదు, చిగుళ్ళ మీద పుల్లతో రాసి చూసుకోవడమే. వట్టి పిలుపు చీటీ ఇచ్చినచోట నూటికి 52 మంది భర్తలు పరీక్ష చేయించుకుంటే, కిట్లు ఇంటికిచ్చినచోట 91 మంది చేసుకున్నారు. కిట్లు ఇచ్చినచోట నూటికి 75 జంటలు ఇద్దరూ కలిసి చేసుకున్నారు. క్యూలో నిలబడి నలుగురి కంట పడటమే మగవాడికి బెరుకు. ఇంట్లో, పొయ్యి దగ్గర, పెళ్ళాం పక్కన కూర్చుంటే ఆ బెరుకు లేదు. దీన్నిబట్టి మగవాళ్ళు మొండివాళ్ళని తిట్టడం మానేసి, దారి సులువు చేయడం మీద బుర్ర పెట్టాలని నాకనిపిస్తుంది.

సరే, ఇద్దరూ చేయించుకున్నారు. ఒకరికో ఇద్దరికో ఉందని తేలింది. తరవాత? ఇక్కడే ఈ నలభై ఏళ్ళ కృషి ఫలం చూడండి. తొమ్మిది దేశాల్లో 1763 జంటలతో ఒక పెద్ద పరిశోధన జరిగింది, అన్నీ ఒకరికి ఉండి ఒకరికి లేని జంటలే. మన చెన్నై, పుణె నగరాల జంటలూ అందులో ఉన్నాయి. నిర్మల ఐసు పెట్టెతో రైలెక్కిన ఊరే చెన్నై! ఉన్నవారికి త్వరగా మందులు మొదలుపెడితే, లేనివారికి సోకడం నూటికి 96 వంతులు తగ్గిందని 2011లో తేలింది. ఆ తరవాత యూరప్‌లో చేసిన పరిశీలనల్లో ఇంకా గొప్ప సంగతి తెలిసింది. రోజూ మాత్ర వేసుకుని, రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్షకి దొరకనంతగా వైరస్ తగ్గిపోయినవారి నుంచి జీవిత భాగస్వామికి సోకిన సంఘటన ఒక్కటీ లేదు. ఒక్కటీ! అంటే మొగుడు వేసుకునే మాత్ర భార్యకి కాపుదల, భార్యకి కాపుదలైతే బిడ్డకీ కాపుదలే. ఉన్నవారికి వైరస్ అదుపులోకి వచ్చేదాకా నిరోధ్ ఉండనే ఉంది, లేనివారు ముందుజాగ్రత్తగా వేసుకునే మాత్రలూ వచ్చాయి. ఎవరికి ఏది తగునో డాక్టరు చెప్తారు.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. ఇద్దరూ కలిసి రమ్మనడం వేరు, మెడ పట్టుకుని ఈడ్చుకురావడం వేరు. మన దేశంలో హెచ్‌ఐవీ మీద 2017లో చట్టం చేశారు, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. ఇందాకటి పిల్ల సంగతి ఎవరో అత్తవారి చెవిన వేసి ఉంటారు చూడండి, దాన్ని ఇవాళ చట్టం ఒప్పుకోదు. జీవిత భాగస్వామికి డాక్టరు చెప్పాల్సిన సందర్భాలు చట్టంలో ఉన్నాయి గానీ, చెప్తే ఆ మనిషిని, ముఖ్యంగా ఆడమనిషిని, కొడతారనో ఇంట్లోంచి గెంటేస్తారనో భయానికి కారణం ఉంటే చెప్పకూడదని కూడా రాశారు. ఆ మాట రాసినవాళ్ళకి చేతులెత్తి మొక్కాలి. ఇంట్లో దెబ్బలు తినే పిల్ల ఒంటరిగా వచ్చి పరీక్ష చేయించుకుంటే, మీ ఆయన ఏడీ అని నిలదీయకూడదు. ముందు ఆ పిల్ల క్షేమం, ఆ పిల్ల మందులు. మొగుణ్ణి ఎప్పుడు, ఎలా పిలవాలో ఆ పిల్ల చెప్పినట్టే చేయాలి.

కాన్పయ్యాక మొగుడికి పనేముంది అంటారా? బోలెడు. హెచ్‌ఐవీ ఉన్న తల్లి మందులు వేసుకుంటూ బిడ్డకి పాలివ్వచ్చు. ఆరు నెలలపాటు ఉత్త చనుబాలే పట్టాలి. మన ఇళ్ళల్లో ఏం చేస్తాం? పుట్టగానే నాలికమీద తేనె, ఆనక పంచదార నీళ్ళు, గ్రైప్ వాటరు, "పాలు చాలట్లేదమ్మా" అని డబ్బాపాలు. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో 1999లోనే చూశారు, తల్లిపాలతోపాటు ఇవన్నీ కలిపి పట్టిన పిల్లలకంటే తల్లిపాలు ఒక్కటే తాగిన పిల్లలకి తొలి నెలల్లో సోకడం తక్కువ. పసిబిడ్డ పేగుల లోపలి పొర చాలా లేత. బయటివి పడితే అది కందిపోయి వైరస్‌కి దారిస్తుందని అంటారు. ఈ సంగతి తెలిసిన మొగుడైతే, "వద్దమ్మా, డాక్టరు తల్లిపాలే పట్టమన్నారు" అని తన తల్లికి తనే చెప్పగలడు. కోడలు చెప్తే మాట పెరుగుతుంది, కొడుకు చెప్తే అక్కడితో సరి. రాత్రి తొమ్మిదింటికి మాత్ర గుర్తుచేయడం, బిడ్డ నోట్లో సిరప్పు పోయడం, మందులు అయిపోకముందే ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్ళి తేవడం, అన్నీ ఆయన పనులే. నైరోబీలో చూశారు, భర్త కాన్పు ముందు ఆసుపత్రికి కూడా వచ్చిన ఇళ్ళల్లో బిడ్డలకి హెచ్‌ఐవీ సోకడం తక్కువగా ఉందట.

బిడ్డకి పరీక్ష ఎప్పుడంటే, ఆరో వారంలో మడమ మీద చిన్న గుచ్చు గుచ్చి, రక్తపు చుక్కలు కాగితం మీద ఆరబెట్టి పంపుతారు. అందులో నేరుగా వైరస్ కోసమే వెతుకుతారు. ఎందుకంటే, ఇందాక చెప్పిన మాయ పొర ఉంది చూశారూ, అందులోంచి తల్లి యాంటీబాడీలు బిడ్డలోకి దాటతాయి. పాపం ఆ తల్లి తన రక్షణ అంతా బిడ్డకి ఇచ్చి పంపుతుంది. అవి ఏడాదిన్నర దాకా బిడ్డ ఒంట్లో ఉండొచ్చు. పెద్దవాళ్ళకి చేసే పరీక్ష ఆ బిడ్డకి చేస్తే, వైరస్ లేకపోయినా ఉన్నట్టు చూపించే ప్రమాదం ఉంది. అందుకని ఆరు నెలలకీ ఏడాదికీ మళ్ళీ చూసి, 18 నెలలకి ఆఖరి మాట చెప్తారు. అంతకాలం ఆ ఎదురుచూపు ఒక్క తల్లి మోయాల్సింది కాదు, ఆ రోజులకి ఇద్దరూ వెళ్ళాలి.

అరే చిన్నోడా, నువ్వడిగావు కదా ఎంత ఖర్చవుతుందని. ప్రభుత్వాసుపత్రిలో కౌన్సిలర్ ఉండే ఐసీటీసీ అనే పరీక్ష గదిలో పైసా తీసుకోరు, కౌన్సిలర్‌తో మాట్లాడినదంతా రహస్యంగా ఉంటుంది. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకి ప్రత్యేకంగా పరీక్షలు చేస్తారు, ఆ రోజు మీ ఆవిడతో పాటు నువ్వూ వెళ్ళు. ముందుగా ఏమన్నా అడగాలనుకుంటే 1097కి ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు. వెళ్ళేటప్పుడు ఆవిడ కార్డు మర్చిపోకుండా సంచిలో పెట్టుకో.